జోగిపేట మేక

ఆఫీసులో "మీదే ఊరు?" అంటే నాలుగేళ్లుగా నాది ఒకటే జవాబు: "హైదరాబాద్ పక్కనే." తవ్వి అడిగితే "సంగారెడ్డి దగ్గర". జోగిపేట అన్న మాట మాత్రం నోట్లోంచి వచ్చేది కాదు.

మొన్న శుక్రవారం ఊరికెళ్తుంటే పటాన్‌చెరు ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే షిఫ్టు దిగిన జనం, రోడ్డు పక్కన మట్టిలో నలిగిన సీసా మూతలు. చేతిలో ఇన్‌స్టా తెరిస్తే అక్కడా సీసా మూతలే! ఎల్ అనత్సుయ్ అని, 1944లో ఘానాలో పుట్టి నైజీరియాలో స్థిరపడిన శిల్పి. మందు సీసాల మూతల్ని వేలకు వేలు రాగి తీగతో కలిపి గోడంత బట్టలా వేలాడదీస్తారు. దూరం నుంచి జరీ చీరే. వాళ్ల నాన్న కెంటే బట్ట నేసేవాడట. ఆ మూతలు ఊరికే ఎంచుకున్నవి కావు. ఒకప్పుడు యూరప్ వ్యాపారులు ఆఫ్రికాకు మద్యం తెచ్చి, బదులుగా మనుషుల్ని పట్టుకుపోయారు. ఆ చరిత్రంతా ఆ మూతల్లో ఉంది.

సరే, ఎక్కడి ఆఫ్రికా, మనకెందుకు అనుకుంటూ పైకి జరిపితే ఓ మేక! కె. లక్ష్మాగౌడ్ గీసింది. ఆయన పుట్టింది 1940లో, మన పాత మెదక్ జిల్లా నిజాంపూర్‌లో. బరోడా వెళ్లి ఎచింగ్ నేర్చుకున్నారు. లోహపు రేకుకు పూత పూసి సూదితో గీస్తారు. యాసిడ్‌లో ముంచితే గీసిన చోటల్లా రేకును తినేస్తుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. ఇంత విద్య నేర్చుకొచ్చి ఆయన గీసిందేంటి? ఊళ్లోని మేకలు, చెట్లు, ముక్కెర పెట్టుకున్న ఆడవాళ్లు. శృంగారం కూడా ఏ దాపరికం లేకుండా గీశారు. (అవి ఇంట్లో చూపించలేదు లెండి.) 2016లో పద్మశ్రీ వచ్చింది.

ఇంటికెళ్లాక నాయనమ్మకు ఫోన్ చూపించా. అద్దాలు సర్దుకుని, "గిది మన మేకనే గదరా! చెవులు జూడు" అంది.

"లక్షల్లో ఉంటదేమో నాయనమ్మా."

"మేకనా, బొమ్మనా?"

పొద్దున ఊళ్లో ఓ చుట్టు తిరిగొచ్చా. చిన్నప్పుడు బిట్టు ప్రశ్నగా బట్టీపట్టిన విషయం గుర్తొచ్చింది: 1930లో నిజాం రాష్ట్ర తొలి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. దాని మూలం 1921లో ఉంది. హైదరాబాద్‌లో ఒక సభలో ఒకాయన తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, దాన్నుంచి మహాసభ. తమ భాషను దాచుకోం అనడానికి వాళ్లు వచ్చిన ఊరి పేరును నేను నాలుగేళ్లుగా దాస్తున్నా.

సోమవారం లంచ్‌లో కొత్తగా చేరినమ్మాయి అడిగింది, "మీదే ఊరు?"

"జోగిపేట."

"అదెక్కడ?"

ఫోన్ తీసి మేక బొమ్మ చూపించా.