తడవని సుద్ద

14 ఆగస్టు 2024

మా ఆయన సంవత్సరీకం అయిపోయింది. వచ్చినవాళ్ళు సాయంత్రం బస్సులకే వెళ్ళిపోయారు. ఇల్లంతా నెయ్యి వాసన.

బీరువా పై అరలో ఆయన బావులు కొలిచిన ఫీల్డు పుస్తకాలు. 31. ఎందుకు లెక్కపెట్టానో తెలీదు.

19 ఆగస్టు

అబ్బాయి ఫోను. "నాన్న పేరు మీద ఏదో ఒకటి చేద్దామమ్మా." నీళ్ళ సబ్జెక్టు చదివే పిల్లలకు గోల్డ్ మెడలట.

మెడలేం చేసుకుంటారు? జనవరి 26న ఈయనకిచ్చిన మెమెంటో ఇరవయ్యేళ్ళు పడకగది తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది. మంచి బరువు.

3 సెప్టెంబరు

బ్యాంకు పని. పది లక్షలు, ప్రస్తుతానికి నా పేరునే. అసలు ముట్టకూడదు. ఆరున్నర శాతం వేసుకున్నా ఏడాదికి 65 వేలు.

అసలు ముట్టకపోవడం. ఈయన పల్లెల్లో చెప్పేదీ అదే కదా. వాన ఎంత ఇంకిందో అంతే తోడుకోండి, కింద ఉన్నది డిపాజిట్టు అనుకోండి అని. ఒకసారి నేనూ వెంట ఉన్నాను, గాండ్లపెంట వైపు. ఒక రైతు నవ్వి, "మాకు యాడుంది సార్ డిపాజిట్టు, ఉండేదంతా అప్పే" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు జీపులో ఈయన ఒక్క మాటా మాట్లాడలేదు.

20 సెప్టెంబరు

కాలేజీ వాళ్ళతో మాట్లాడాను. మర్యాదస్తులే. మార్చి 22న జల దినోత్సవానికి సభ పెడతారట. ఫొటో, దండ, దీపం, పెద్ద అట్టముక్క మీద చెక్కు. 75 శాతం మార్కులు దాటినవాళ్ళకే.

బస్సు చార్జీలకు ఇవ్వచ్చా అనడిగాను. పల్లెల్లో తిరగడానికి, నీళ్ళు పరీక్ష చేయించడానికి. ఫీల్డు ఖర్చుకు రూలు లేదన్నారు.

ఈయన చెప్పులు ఏడాదికి మూడు జతలు అరిగేవి. దానికీ రూలు లేదు.

12 అక్టోబరు

దసరా. పిల్లలెవరూ రాలేదు. పుస్తకాలు దించాను.

1994 మే. ఊరు, బావి నంబరు. పిట్టగోడ మీద ఎర్రరంగు గుర్తు నుంచి కొలత. నీరు 11.40 మీటర్లలో. పక్కన సన్నగా, 'ఇక్కడ మజ్జిగ ఇచ్చారు.'

జనవరి, మే, ఆగస్టు, నవంబరు. ఏడాదికి నాలుగుసార్లు అదే బావి. నా బడి సుద్దముక్కలే పట్టుకెళ్ళేవారు. ఉక్కు టేపు చివర సుద్ద పూసి దించితే తడిసినచోట గీత పడుతుంది. అదే నీటిమట్టం. హెడ్మాస్టరు ఒకసారి అడిగారు, సుద్ద ఇంత త్వరగా ఎలా అయిపోతోందమ్మా అని. బోర్డు పెద్దది సార్ అన్నాను.

2001 మే, 14.85.

2002 నవంబరు, పొడి.

2003 మే, పొడి.

ఆ తర్వాత ఆ నంబరు లేదు. పేజీలన్నీ తిరగేశాను. ఇంకో నంబరు మొదలైంది, ఇంకో చోట, బోరు గొట్టం.

6 నవంబరు

కాలేజీ నుంచి ఏడు దరఖాస్తులు. ఆరు కంప్యూటర్లో కొట్టినవి, ఒకటి చేతిరాత.

చేతిరాత పిల్లది కదిరి అవతల. (ఇప్పుడది వేరే జిల్లా. నాకింకా నోరు తిరగదు.) నాన్న ఆరు బోర్లు వేశాడట. ఒకటి వెయ్యి అడుగులు పోయినా దుమ్మే వచ్చిందట. మార్కులు 68.

అడిగింది ఒకటే. కొలతల జాబితాలోంచి తీసేసిన బావులెక్కడున్నాయో వెతికి, వాటి దగ్గరికి వెళ్ళాలి. ఖర్చు లెక్క కూడా వేసింది. బస్సు, ఆటో, టేపు, పెన్నులు. పెన్నులు రెండు.

18 నవంబరు

కాలేజీలో కమిటీ. నాకూ ఒక కుర్చీ వేశారు. అందరికీ ఉపగ్రహ పటాల కుర్రాడి పని నచ్చింది. బాగుంది కూడా, కాదనను.

పిల్ల వంతు వచ్చింది. "ఎండిన బావులు కొలిచి ఏం లాభమమ్మా? అంకె రాదు కదా" అన్నారొకాయన.

ఆ పిల్ల నిలబడే చెప్పింది. "ఎండిందని తీసేస్తాము సార్. మిగిలిన నీళ్ళ బావులతోనే సగటు కడతాము. అప్పుడు నీళ్ళు పెరిగినట్టే కనిపిస్తాయి సార్." 2019లో తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు రాసిన పేపరు తెచ్చింది. దక్షిణాదిలో భూగర్భజలం కోలుకుంటోందన్న లెక్కల వెనక ఇదే ఉందని అందులో ఉందట. జిరాక్సు, మడతలు నలిగిపోయి.

బడి మానేసిన పిల్లల పేర్లు కొట్టేసి, ఉన్నవాళ్ళ మీద పాసు శాతం కట్టినట్టు. నాకు మాత్రం తెలీదా? 28 ఏళ్ళు నేనూ అలాగే కట్టాను. 'నూరు శాతం' అని రెండుసార్లు శాలువా కూడా కప్పారు.

19 నవంబరు

నిద్ర పట్టలేదు.

రెండింటికి లేచి 2003 పుస్తకం మళ్ళీ తీశాను. ఆఖరి అట్ట లోపల ఒక కాగితం కాపీ. పదకొండు బావుల నంబర్లు, కింద 'జాబితా నుండి తొలగించడమైనది'. కింద సంతకం. ఈయనదే. ఆ 'ర' కింద సాగదీసిన గీత నాకు తెలీదా.

పైనుంచి చెప్పి ఉంటారు. కొలవడానికి నీళ్ళే లేకపోతే ఎవరైనా ఏం చేస్తారు? బదులు బోరు గొట్టాలు పెట్టారు కదా.

కానీ ఈయనకు తెలిసే ఉంటుంది. తెలియకుండా ఉండే మనిషి కాదు.

2 డిసెంబరు

పుస్తకాలు చూస్తానంది ఆ పిల్ల. పాత నంబర్లు, గుర్తులు ఇంకెక్కడా దొరకడం లేదట. 30 ఇచ్చాను. 2003ది దిండు కింద పెట్టుకున్నాను.

దిండు కింద! పదో తరగతి పిల్ల ఉత్తరం దాచుకున్నట్టు.

5 డిసెంబరు

ఆ కాగితం సంగతి, ఆ పిల్ల సంగతి అబ్బాయితో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న పేరు మీద ఇచ్చే డబ్బుతో నాన్న తప్పే పట్టిస్తావా అమ్మా?" అన్నాడు.

తప్పు అని నేనన్నానా?

వాడే మళ్ళీ ఫోను చేశాడు. అప్పుడు వాడుండే దేశంలో అర్ధరాత్రి. "ఆ మెమెంటో ఏ సంవత్సరందమ్మా?" చూసి చెప్పాను. 2004.

అదేం సంబంధం లేదురా అన్నాను. ఉందా?

9 జనవరి 2025

కాలేజీ ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి నా మాట చెల్లింది. కుర్రాడికి సగం, పిల్లకు సగం. 32,500 చొప్పున. సభ వద్దన్నాను. వాళ్ళు నొచ్చుకున్నారు. అట్టముక్క చెక్కు అప్పటికే ఆర్డరిచ్చారట, పాపం.

పేరు ఉంచాలా తీసేయాలా అని ఒకపూట ఆలోచించాను. ఉంచాను.

11 జనవరి

ముప్పై ఒకటోది కూడా ఇచ్చేశాను. కాగితం తీయలేదు. ఆ పిల్ల అక్కడే తిరగేసింది, ఆ పేజీ దగ్గర ఆగింది. నా మొహం చూడలేదు. "ఈ పదకొండు నాకు దొరకలేదు మేడమ్ ఇన్నాళ్ళు" అంది, అంతే.

కాఫీ ఇచ్చాను. రెండో గ్లాసు కూడా తాగింది.

22 మార్చి

జల దినోత్సవం. మా వీధిలో కొళాయి రాలేదు. రెండు బిందెలు ఎదురింటి నుంచి.

11 మే

ఆ పిల్లతో వెళ్ళాను. తొలి బస్సు, కదిరిలో మార్పు, తర్వాత ఆటో. ఎండ మొదలవకముందే చేరాలనుకున్నాం. ఎక్కడ.

బావి ఉంది. చుట్టూ కంప. లోపల సగం బీరు సీసాలు, ఒక మోపెడ్ చక్రం. పిట్టగోడ ఒకవైపు కూలింది, గుర్తున్న వైపు నిలిచింది. ఎర్రరంగు కాదు, రంగు మరక. అయినా అదే.

గొర్రెల తాత ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఈయన పేరు చెప్పకుండానే, "ఒక సారు వచ్చి కొలుస్తా ఉన్న్యారు. నీళ్ళున్నన్నాళ్ళు వచ్చినారు" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. గొర్రెలు చేలో పడ్డాయి, పోయాడు.

సుద్ద నేను పూశాను. టేపు ఆ పిల్ల దించింది. అడుగు తగిలింది. 16.20. పైకి లాగితే సుద్ద పూసింది పూసినట్టే ఉంది.

కొత్త పుస్తకంలో పాత నంబరు వేసింది. తేదీ, టైము, కొలిచినవారు. ఇద్దరి పేర్లూ రాసింది.

బస్సు 190, ఆటో 300, మజ్జిగ 40.

నీటిమట్టం గడిలో, పొడి.