ఖాతా అంటే అమానత్

మా మామూకి మాచర్లలో బట్టల దుకాణం. షాదీలకు, పండగలకు అరువు తీసుకెళ్లినవాళ్ల పేర్లు, బాకీలు ఒక ఖాతా పుస్తకంలో రాసుకునేవారు. రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు ఇంకేది మరిచినా ఆ పుస్తకం మరిచేవారు కాదు. "పైసా మళ్లీ వస్తుంది బేటా, ఒకళ్ల ఇజ్జత్ పోతే మనం తేలేం" అనేవారు.

ఇప్పుడా ఖాతా కంప్యూటర్‌లోకి వచ్చింది. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే మామూ కూతురే నోడ్ జేఎస్‌లో ప్రోగ్రాం రాసింది. దాన్ని గిట్‌హబ్‌లో అందరికీ కనపడేలా పెట్టి, ఇంటర్వ్యూల్లో చూపించాలని దాని ఆశ. "ఒకసారి చూడు ఆపా" అంది. హునర్ ఉన్న పిల్ల, పని శుభ్రంగా ఉంది. కానీ డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ రెండూ కోడ్ మధ్యలోనే ఉన్నాయి. అలాగే పెడితే ఎవరు ఎంత బాకీ ఉన్నారో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా తెరిచి చూసుకోవచ్చు.

ఇద్దరం కూర్చుని ఆ రెండింటినీ డాట్ ఈఎన్‌వీ అనే విడి ఫైల్‌లోకి మార్చాం. ప్రోగ్రాం నడిచేటప్పుడు వాటిని ప్రాసెస్ డాట్ ఈఎన్‌వీ నుంచి తీసుకుంటుంది. ఆ ఫైల్ పేరు ముందే డాట్ గిట్‌ఇగ్నోర్‌లో రాసిపెడితే గిట్ దాని జోలికి పోదు. అయితే పాత కమిట్‌లలో పాస్‌వర్డ్ మిగిలే ఉంటుంది కదా! అందుకే పాస్‌వర్డే మార్పించాను. తాళంచెవి పరాయి చేతిలో పడితే తాళమే మార్చాలి.

ఇంకో ఖత్రా ఉంది. తన లాప్‌టాప్ నుంచి మెసేజ్‌లు పోకూడదని ఆ ఫైల్‌లో 'ఫాల్స్' అని రాసుకుంది. అక్కడినుంచి వచ్చేదంతా ఉత్త అక్షరాలే. ఖాళీ కాని మాట ఏదైనా జావాస్క్రిప్ట్‌కి 'ట్రూ' కిందే లెక్క. అందుకే విలువ సరిగ్గా 'ట్రూ' అనే మాటేనా అని పోల్చి చూడమన్నాను. లేకపోతే ఉత్తుత్తి పరీక్షకే బాకీదార్లందరి ఫోన్లూ మోగేవి.

రహస్యాలే కాదు, చోటునిబట్టి, కాలాన్నిబట్టి మారేవన్నీ కోడ్ బయటే ఉండాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. దుకాణం పాత బిల్లుల ప్రోగ్రాంలో 'గుంటూరు జిల్లా' అని కోడ్‌లోనే ఉంది. ఆ ఒక్క మాట మార్చడానికి రాసినతన్ని వెతుక్కుంటూ పరేషాన్ అయ్యాం.

హెరోకూ స్థాపకుల్లో ఒకరైన ఆడం విగ్గిన్స్ రాసిన 'ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్'లో దీనికొక ఇమ్తిహాన్ ఉంది. కోడ్ రాని అమ్మీఅబ్బాలు కూడా ఆ సవాల్ అడగొచ్చు: "బేటా, ఈ కోడ్ ఈ నిమిషాన దునియాకంతా చూపిస్తే ఎవరి అమానత్‌కైనా నుక్సాన్ ఉందా?" లేదని ధైర్యంగా చెప్పగలిగితే మాషాఅల్లాహ్, పని సరిగ్గా చేసినట్టే.