కొత్త టెండరు, పాత బోగీలు

నేను రైలు బోగీల బయో టాయిలెట్ గ్యాంగుకు మేస్త్రీగా పనిచేసేవాణ్ని. రేక్, అంటే బోగీల వరుస, కింద గుంత ఉండే పిట్ లైను మీదికొచ్చాక, ఎర్ర జెండా పెట్టాకే మేం బోగీ కిందికి దిగేవాళ్లం. మరుగుదొడ్డి కింద వేలాడే స్టీలు ట్యాంకులో బ్యాక్టీరియా ఉంటుంది. మలాన్ని నీరుగా, గ్యాసుగా మార్చేస్తుంది. రైల్వే, డీఆర్‌డీఓ కలిసి తెచ్చిన పద్ధతి అది. ప్లాస్టిక్‌ను మాత్రం ఆ బ్యాక్టీరియా అరిగించుకోలేదు. నీళ్ల సీసా, గుట్కా ప్యాకెట్టు, పిల్లల డైపరు, ఏది అడ్డం పడినా బాల్ వాల్వ్ మూసుకోదు. కొక్కెంతో లాగాలి. రాకపోతే గ్లవ్స్ తొడుక్కుని చెయ్యి పెట్టాలి. వాల్వ్ హ్యాండిల్ ఎంత బిగుసుకుందో చూసి, లోపల ఇరుక్కున్నది సీసానో గుడ్డనో చెప్పేసే అక్క ఒకావిడ మా గ్యాంగులో ఉండేది. చెబితే తప్పేది కాదు.

కాంట్రాక్టు గడువు ముగిసింది. కొత్తాయన తక్కువ రేటుకు టెండరు దక్కించుకున్నాడు. కనీస వేతనంలో కోత పెట్టే వీల్లేదు కాబట్టి మనుషుల్లో కోత పెట్టాడు. బోగీలు మాత్రం ఎన్నున్నాయో అన్నే. మాలో సగానికి పైగా ఇంటికెళ్లాం. ముందుగా తీసేసింది వయసు పైబడిన ఆడవాళ్లను. "తమ్ముడూ, నా పనిలో వంకేముంది?" అని ఆ అక్క అడిగింది. వంకేమీ లేదు. అది నాకిప్పటికీ మింగుడు పడదు.

ఐదేళ్ల సర్వీసుంటే గ్రాట్యుటీ ఇవ్వాలనేది అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి చట్టం. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మా కార్డుల మీద చేరిన తేదీ కూడా మారిపోయేది. అదే పిట్టు, అదే కొక్కెం, సర్వీసు మళ్లీ సున్నా. ఆ ఐదేళ్లు నిండేదెప్పుడు?

రైల్వేయే తీసుకోవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అనేవాళ్లు. కాంట్రాక్టు పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన కూలీలు వాళ్లంతట వాళ్లే పర్మినెంటు అయిపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. యూనియన్ ఆఫీసులో ఆ సంగతి విన్నాక చాలామంది ఆశ వదులుకున్నారు.

పాత కాంట్రాక్టరు బాకీ పెట్టిన జీతం మాత్రం వదల్లేదు. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలని అప్పుడు అమల్లో ఉన్న 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. దాని జిరాక్సు పట్టుకుని లేబర్ ఆఫీసు మెట్లెక్కాం. ఆఖరి నెల జీతం చేతికొచ్చింది.

ఉద్యోగాలు రాలేదు. టెండరు పిలిచేటప్పుడే, పాతవాళ్లను ముందు పెట్టుకుని ఆ తర్వాతే కొత్తవాళ్లను తీసుకోవాలన్న షరతు ఒక్కటి రాయమని రైల్వేను అడుగుతున్నాం. మళ్లీ టెండరు పడేలోగా ఆ అర్జీ మీద అందరి సంతకాలూ పెట్టించాలి.