పడవకు నిచ్చెన

నీటిలో దేహభారము తేలికపడును. పైకి లేచుకొలది ఆ భారమే మరల మీదికి వచ్చును. తడివస్త్రము దానికి తోడు. దిగినంత సులువుగా ఎక్కలేకపోవుటకు కారణమిదియే.

వేదాద్రి పంచనారసింహులలో సాలగ్రామమూర్తి కృష్ణాగర్భమందున్నాడని భక్తుల విశ్వాసము. అందుచేత జగ్గయ్యపేట వృద్ధసాధకుడొకరు నడినీటనే మునుగ సంకల్పించిరి. తెరచాప పడవ పాతది, పడవవాడు ఒప్పుకొనలేదు.

"దిగుతారు సరే తాతగారూ, ఎక్కేదెట్లా?"

త్రాటినిచ్చెన చౌకయే. కాని బరువు పడగానే అది పడవ క్రిందికి ఊగును, మనిషి వెల్లకిల పడును. కావున నందిగామ వెల్డింగు దుకాణమున తుప్పుపట్టని ఉక్కుతో మడతనిచ్చెన చేయించిరి: నీటి అడుగున రెండు వెడల్పాటి మెట్లు, పైన చేతిపట్టు. వెనుకపలకను సుత్తితో తట్టగా ఒకచోట డొల్లశబ్దము వచ్చెను. చివికిన చెక్కపై ఎంత గట్టి బోల్టయినను నిలువదు. దానిని తొలగించి టేకుపలక వేసి, లోపల అడ్డపట్టీతో బోల్టులు బిగించి, రంధ్రములకు గుగ్గిలము పూసిరి.

శంకరుల సాధనపంచకమునకు సోపానపంచకమనియు పేరు. ఆరోహణమునకే ఆచార్యుడు మెట్లు చెప్పెను!

మడిచిన నిచ్చెన నీటిలోనివానికి అందకున్న వ్యర్థమే. పడవవాడు దాని త్రాటికొనను నీటివరకు వ్రేలాడదీసి, తానే ముందుగా దూకి, లాగి చూచెను.