ఇరానీ హోటలు

హైదరాబాదును తెలుసుకోదలచినవారు చార్మినారు కంటే ముందు ఒక ఇరానీ హోటలులో కూర్చోవడం మేలు. ఇరాన్ నుండి బొంబాయి మీదుగా వచ్చిన కుటుంబాలు వీటిని నెలకొల్పాయి. వీధి మలుపు, పాలరాతి బల్లలు, కొయ్య కుర్చీలు. మూత బిగించి మరిగించిన డికాషనుకు, విడిగా చిక్కగా కాచిన పాలు కలుపుతారు. అందులో ఉస్మానియా బిస్కత్తును క్షణకాలమే ముంచాలి. ఆలస్యమైతే ముక్క కప్పు అడుగుకు చేరుతుంది!

రంజాన్ మాసంలో వాకిట హలీం బట్టీలు వెలుస్తాయి. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడికి, కొయ్య రోకళ్ళ దెబ్బలకు ఒకటైపోతాయి. మూలం అరబ్బుల హరీస్. మసాలా మాత్రం హైదరాబాదుది. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒక్క టీతో గంటలు గడిపినా లెమ్మనని ఆ బల్లల వద్ద కూలీ, వకీలు, విద్యార్థి పక్కపక్కనే కూర్చునేవారు. స్థలాల ధరలు పెరిగి అనేక హోటళ్ళు మూతపడ్డాయి. మిగిలినవాటిలోనూ నిలబడి తాగి వెళ్ళేవారే ఎక్కువవుతున్నారు.