పచారీ చీటీలో పెల్లెట్ల డబ్బా

అమ్మాయి సంగీతం నేర్చుకుంటానంటే మనకు లెక్క తెలుసు. వీణ ఎంత, టీచరుగారి ఫీజెంత అని నలుగురినీ అడుగుతాం. అదే రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానంటే ఎవర్నడగాలి చెప్పండి? ఎన్.సి.సి.లో రైఫిల్ పట్టిన మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానని పట్టుబట్టినప్పుడు మా ఇంట్లో అందరం మొహమొహాలు చూసుకున్నాం. "తుపాకీ పట్టే పిల్లకి సంబంధాలొస్తాయటే?" అన్నారు మా అత్తగారు. "మన తాహతుకి మించింది" అన్నారు ఈయన.

ఈయన మాటలో నిజముంది. మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం తెచ్చాడు. అతనికి రైఫిల్ కొనడానికి అమ్మానాన్నలు స్థలం అమ్మారని పేపర్లలో చదివాం. మాకు అమ్ముకోవడానికి స్థలం లేదు. ఉన్నదల్లా పిల్ల గాజుల కోసం నేను చీటీ కట్టి దాచిన డబ్బు. గాజులా, రైఫిలా? వారం రోజులు నిద్ర పట్టలేదంటే నమ్మండి. చివరికి చీటీ డబ్బులో సగం గాజులకి ఉంచి, సగంతోనే ఈ ఆట నడపాలని తీర్మానించాను.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. 10 మీటర్ల దూరంలో గురి. నడిమధ్యన పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, మన కలం మొన పెట్టినంత. పోటీలో 60 సార్లు కాల్చాలి. ఆడవాళ్లకు ఇదివరకు 40 ఉండేవి, 2018 నుంచి వాళ్లకూ 60 చేశారు. కాబట్టి ఇది బలం ఆట కాదు, నిలకడ ఆట.

మొదటి ఏడాది రైఫిల్ కొననే లేదు. క్లబ్బు రైఫిల్‌తోనే నేర్చుకుంది. పిల్లకి మోజా, నిజమైన ఇష్టమా తేలాలి కదా! తేలాక ఒక సీనియర్ అమ్మాయి వాడిన రైఫిల్ తీసుకున్నాం, కాగితాలన్నీ క్లబ్బులో సరిచూపించుకుని మరీ.

కొనేటప్పుడు రంగూ, మెరుపూ చూడకండి. ఎడమ అరచెయ్యి ఆనే ముందు భాగం చూడండి. నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచెయ్యి నడుము ఎముక మీద ఆనాలి. నాలుగు కిలోల పైచిలుకు బరువు ఎముకలు మొయ్యాలి గాని కండలు కాదు. చెయ్యి పొట్టిగా ఉంటే రైఫిల్ కంటి ఎత్తుకు రాదు, పిల్ల తల వంచేస్తుంది, మెడనొప్పి వస్తుంది. అందుకే అక్కడ ఎత్తు పెంచుకునే దిమ్మ ఉండాలి. చెంప ఆనే చోటు, భుజానికి ఆనే చోటు కూడా జరుపుకునేలా ఉండాలి. ఈ మూడూ ఉంటే చెక్కదైనా చాలు. అల్యూమినియందే కావాలని దుకాణం అతను ఎంత ఊరించినా నేను చెక్కదానికే ఓటేశాను. ఎదిగే పిల్ల, కొలతలు మారుతుంటాయి. జరుపుకునే వీలే ముఖ్యం.

ఇంకొకటి. మన గ్యాస్ సిలిండర్ మీద A-26, B-27 అని గడువు ఉంటుంది చూశారూ, ఈ రైఫిల్ గాలి సిలిండర్ మీద కూడా తయారైన తేదీ ఉంటుంది. సాధారణంగా పదేళ్లు వాడతారు. గడువు దాటితే పోటీలో ఒప్పుకోరు, పైగా ప్రమాదం. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఆ తేదీ చూసి తర్వాతే బేరమాడండి.

రైఫిల్ ఒక్కసారి ఖర్చు. నెలనెలా ఇల్లు గుల్ల చేసేవి పెల్లెట్లు. డమరుకం ఆకారంలో ఉండే 4.5 మిల్లీమీటర్ల సీసం గుళ్లు. డబ్బాకు 500. రోజుకు నూరు చొప్పున వారానికి అయిదు రోజులు కాలిస్తే వారానికో డబ్బా! కోచ్‌గారిని అడిగి ఇలా సర్దుకున్నాం. రేంజిలో మూడు రోజులే, రోజుకు 60. అంటే వారానికి 180, డబ్బా దాదాపు మూడు వారాలు వస్తుంది. మిగతా రోజులు ఇంట్లో గోడమీద చుక్క పెట్టుకుని, పెల్లెట్ లేకుండా గురి, ఊపిరి, ట్రిగ్గర్ సాధన. దీనికి పైసా ఖర్చు లేదు. లోపల ఏమీ లేదని ముందు పెద్దవాళ్లెవరైనా చూడాలి, అయ్యాక రైఫిల్‌ని బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ఆ తాళం చెవి నా కొంగుకే ఉంటుంది.

పెల్లెట్లలో ప్రాక్టీసువి, మ్యాచివి అని రెండు రకాలు. తల కొలత 4.49, 4.50, 4.51 అని కూడా తేడాలుంటాయి. ఏ గొట్టానికి ఏది నప్పుతుందో ఎవరూ చెప్పలేరు. క్లబ్బులో రైఫిల్‌ని కదలకుండా బిగించి రకానికి అయిదు చొప్పున కాల్చి చూశారు. అన్నిటికంటే ఖరీదైనది చెల్లాచెదురుగా పడింది. మధ్యరకం అయిదూ ఒకే కన్నంలో పడ్డట్టు పడ్డాయి. అదే లాట్ నంబరువి నాలుగు డబ్బాలు ఒకేసారి కొన్నాం. ఒక డబ్బా పోటీలకని పక్కన పెట్టాను. డబ్బా కింద పడితే మాత్రం వెనక పల్చటి పావడా అంచు నొక్కుకుపోతుంది. అలాంటివి వాడినా గురి కుదరదు.

ముఖ్యమైన మాట మర్చిపోకండి. అది సీసం. ఆ చేత్తో తినకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగిస్తాను. ఆ బట్టలు విడిగా ఉతుకుతాను. డబ్బా వంటింటి గుమ్మం తొక్కదు.

నాలుగేళ్లయింది. పిల్ల పతకాల పంట పండించిందని చెప్పను, రాష్ట్ర పోటీలదాకా వెళ్లింది, అంతే. కానీ పరీక్షల ముందు గోళ్లు కొరుక్కునే పిల్ల ఇప్పుడు ఊపిరి బిగబట్టి నిదానంగా ఆలోచిస్తోంది. సంబంధాల బెంగ పెట్టుకున్న అత్తగారు ఇప్పుడు నెల మొదట్లో పచారీ చీటీ రాస్తుంటే "దాని గుళ్ల డబ్బా రాశావా?" అని గుర్తు చేస్తున్నారు.

మీ అమ్మాయి కూడా మీకు తెలియని ఆట ఏదైనా అడిగితే, ఖర్చు విని వెంటనే కాదనకండి. అందులో ఒంటికి నప్పాల్సినదేది, రోజూ అరిగేదేది, ఊరికే మెరిసేదేది అని మూడు భాగాలు చెయ్యండి. మొదటిదానికి డబ్బు పెట్టండి, రెండోదానికి లెక్క కట్టండి, మూడోది వదిలెయ్యండి. బియ్యం, పప్పు కొనడంలో ఆరితేరిన మనకి ఇదొక లెక్కా!