జవాబుదారీ మనిషే

అనంతపురం కరవు నేలలో పుట్టిన మాకు తవ్వకమంటే ఏమిటో తెలుసు. గునపం రాతికి తగిలే చప్పుడు వింటూనే పెరిగాము.

సికింద్రాబాదులో 1970లో స్థాపితమైన రక్షణ నిర్వహణ కళాశాలలో త్రివిధ దళాల అధికారులు ఉన్నత శిక్షణ పొందుతారు. అటువంటి అధికారులకు డ్రోన్లు, కృత్రిమ మేధ గురించి బోధించవలసి వచ్చినప్పుడు మేము కందక యుద్ధంతో ఆరంభించాము. హిజ్రీ 5లో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సూచించిన కందకం అరబ్బులకు కొత్త విద్య. దైవప్రవక్త (స) దానిని స్వీకరించి, స్వయంగా మట్టి మోశారు.

ఒక అధికారి అడిగారు: "యంత్రమే లక్ష్యాన్ని ఎంచుకొని అమాయకుణ్ణి చంపితే, పాపం ఎవరిది?"

వెంటనే జవాబు తోచలేదు. సిరియాకు సేనను పంపుతూ హజ్రత్ అబూబక్ర్ (రజి) స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దనీ, ఫలవృక్షాలను నరకవద్దనీ ఆదేశించిన సంగతి జ్ఞాపకం వచ్చింది. ఒక్క చింతమొక్కను బ్రతికించడానికి బిందెలతో నీరు మోసిన మా అమ్మ కళ్ళముందు మెదిలింది. ఆ ఆదేశం మనుషులకే గాని ఆయుధాలకు కాదు.

"వదలమన్నవారిది, వదిలినవారిది" అన్నాము. తీర్పుదినాన అల్లాహ్ సన్నిధిలో యంత్రం నిలబడదు.

అబద్ధపు వార్తను ఒక్క వేలితో పదిమందికి పంపే మన పిల్లలకూ ఈ పాఠమే అవసరమని, నాటి నుండి ఇంటిలోనూ చెబుతున్నాము.